మోషన్ ఆపి చూశాను

మార్చి 3, సోమవారం

ఆఫీసు లాగ్‌బుక్కులో రాయడానికి వీల్లేనివి కొన్ని ఉంటాయి. వాటి కోసం ఈ నోట్‌బుక్కు కొన్నాను. అక్కడ ఎడమ పేజీలో పైలట్లు ఫిర్యాదు రాస్తారు, కుడి పేజీలో నేను జవాబు రాస్తాను. ఇవాళ ఎడమ పేజీలో, పైలట్లకు పరీక్షలు పెట్టే కెప్టెనమ్మ ఇలా రాశారు: "టేకాఫ్‌లో కాలమ్ మరీ తేలిగ్గా చేతికొస్తోంది. పైకెక్కేటప్పుడు ముక్కు దించడానికి ట్రిమ్ ఎక్కువ తిప్పాల్సి వస్తోంది. అసలు విమానం ఇలా ఉండదు."

కుడి పేజీలో నేను: "పరీక్షించాను. దోషం లేదు."

అసలు విమానం ఇలా ఉండదట. పద్నాలుగేళ్ళుగా ఈ సిమ్యులేటరును కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నాను. మా ఆవిడ దీన్ని ఆరుకాళ్ళ పెట్టె అంటుంది. ఉన్నమాటే. విమానంలో పైలట్లు కూర్చునే గది ఒక్కటే కోసి తెచ్చి ఆరు పొడవాటి కాళ్ళ మీద నిలబెట్టినట్టుంటుంది. మోషన్ మీట వేస్తే ఆ కాళ్ళు సాగుతూ ముడుచుకుంటూ గదిని ఊపుతాయి, వంచుతాయి. లోపల కూర్చున్నవాళ్ళకు నిజంగా గాల్లోకి లేస్తున్నట్టే ఉంటుందని అంటారు.

కాలమ్ అంటే పైలట్ రెండు చేతుల మధ్యా ఉండే కడ్డీ. లాగితే ముక్కు లేస్తుంది, తోస్తే దిగుతుంది. అలా బలంగా పట్టుకునే ఉండే శ్రమ తప్పించే చక్రం ట్రిమ్. ఎంత లాగితే ఎన్ని కిలోల బరువు చేతికి తగలాలో కంపెనీవాళ్ళ పట్టికలో ఉంది. నా స్ప్రింగు కాటా తగిలించి లాగి చూశాను. అంకెకు అంకె సరిపోయింది. మోషన్ ఆపి చూశాను, మోషన్ వేస్తే కరెంటు దండగ కాబట్టి.

మార్చి 4, మంగళవారం

బావమరిది చెక్‌లో తప్పాడు.

వాడు మా ఆవిడ తమ్ముడు. ముప్ఫై నాలుగేళ్ళు, ఆరడుగుల పైన రెండంగుళాలు, ఇంట్లో ఇప్పటికీ చిన్నోడు. ఆరేళ్ళపాటు రెక్కలకు పంకాలుండే చిన్న విమానం నడిపాడు. ఇప్పుడు పెద్ద జెట్‌లో కో-పైలట్‌గా మారాలి. మారాలంటే మా పెట్టెలో చెక్ అనే పరీక్ష నెగ్గాలి. ఇవాళ టేకాఫ్‌లో "రొటేట్", అంటే ముక్కు ఎత్తమని, అనగానే కాలమ్ లాగాడు. ముక్కు ఒక్క ఉదుటున లేచింది, తోక రన్‌వేకి తగిలింది. నిజం విమానమైతే పేపర్లో పడేది. పెట్టె కాబట్టి ఎర్ర దీపం వెలిగింది, అంతే.

"ఒట్టు బావా, నేను లాగలేదు. అదే వచ్చింది," అన్నాడు మెట్లు దిగుతూ.

"అదే రావడానికి దానికేమైనా కాళ్ళున్నాయా?" అన్నాను. ఉన్నాయని తర్వాత గుర్తొచ్చింది. ఆరు.

నాకేం సంతోషం లేదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 5, బుధవారం

పొద్దున గడ్డం గీసుకుంటూ ఈల వేశానట. మా ఆవిడ అంది. నాకైతే గుర్తులేదు.

మార్చి 6, గురువారం

మా ఆవిడకు కళ్ళద్దాల దుకాణం ఉంది. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదివిస్తుంది. అందుకేనేమో, ఇంటికొచ్చాక కూడా ఎదుటివాణ్ణి అలాగే చూస్తుంది.

"మీ పెట్టెలో ఏదో ఉందండీ."

"అంకెలన్నీ సరిపోయాయి."

"అంకెల సంగతి కాదు. వాడి చేతికి ఎలా ఉందో అడిగారా?"

"చేతికి ఎలా ఉంటే ఏంటి? కాటా చెప్తుంది కదా."

"నా దగ్గరా యంత్రం ఉంది, అదీ అంకె చెప్తుంది. అయినా అద్దం పెట్టి, ఇది బాగుందా, ఇది బాగుందా అని మనిషినే అడుగుతాను. రేపు అది పెట్టుకుని రోడ్డు దాటేది వాళ్ళు. నా యంత్రం కాదు."

"ఇది వేరు."

"ఎలా వేరు?"

వేరంటే వేరని గట్టిగా చెప్పి, కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను. గంట తర్వాత ఆకలేసింది. ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్తే, కంచం మీద మూత పెట్టి ఉంది.

ఇంకో సంగతి. నాకు పైలట్ అవ్వాలని ఎప్పుడూ లేదు. దరఖాస్తు పెట్టింది ఒక్కసారే.

మార్చి 10, సోమవారం

ఇవాళ కెప్టెనమ్మకు తగిన శాస్తి చేశాను. మళ్ళీ అదే ఫిర్యాదు రాశారు. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని లోపలికెళ్ళి, పావుగంట కూర్చుని, ఏమీ ముట్టుకోకుండా బయటికొచ్చి "కొంచెం సర్దాను మేడమ్" అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి రెండు టేకాఫ్‌లు చేసి వచ్చి, "ఆ, ఇప్పుడు కాస్త నయం," అన్నారు.

ఇదీ వీళ్ళ చేతుల సంగతి. ముప్ఫై ఏళ్ళ అనుభవమట.

మార్చి 11, మంగళవారం

కెప్టెనమ్మ మళ్ళీ రాశారు. ఈసారి కింద గీత కూడా గీశారు. "నిన్న నయమనిపించింది నా భ్రమ. ఇంజనీరుగారు నిజంగా ఏం సర్దారో తెలపగలరు."

"పరీక్షించాను. దోషం లేదు." మోషన్ ఆపి చూశాను, నూనె వేడెక్కకుండా.

మార్చి 12, బుధవారం

ఇది నేను తప్ప ఎవరూ చదవరు. కాబట్టి నిజం రాస్తే వచ్చే నష్టం లేదు.

పద్నాలుగేళ్ళ కిందట ఈ పెట్టె కొత్తగా వచ్చినప్పుడు, మోషన్ వేసి, ఒక ఇన్‌స్పెక్టరుతో పాటు నేనూ లోపల కూర్చున్నాను. టేకాఫ్ అయ్యింది. ఇన్‌స్పెక్టరుగారి బూట్లు అంతకుముందు చాలా మెరుస్తుండేవి.

ఆ రోజు నుంచి మా సీనియరు, అంటే పెద్దాయన, "నీ పొట్టకు ఇది పడదులే. మోషన్ పనులు నేను చూసుకుంటా, కాలమ్ పనులు నువ్వు చూసుకో," అన్నాడు. ఆ ఒప్పందం మీదే ఇద్దరం హాయిగా పనిచేశాం. జనవరిలో ఆయన రిటైరయ్యాడు. ఫిబ్రవరిలో కాలమ్ బేరింగులు అరిగిపోతే నేనొక్కణ్ణే విప్పి, మార్చి, బిగించాను. మోషన్ వేసి కూడా చూడాలని పుస్తకంలో ఉంది. పుస్తకంలో చాలా ఉంటాయి.

నాకు భయం అని కాదు. అది పొట్ట తత్వం.

మార్చి 14, శుక్రవారం

చిన్నోడు రెండోసారి తప్పాడు. మళ్ళీ తోకే.

ఇంక ఒక్కటే చెక్ మిగిలింది, 21వ తేదీన. అదీ పోతే జెట్ లేదు. పాత చిన్న విమానంలో వీడి సీటు ఇప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. అంటే ఇటూ లేదు, అటూ లేదు. ఇంత చదివి, ఇన్ని గంటలు ఎగిరి, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో ఇంట్లో కూర్చోవాలి.

మా ఆవిడ టీ ఇచ్చింది. చక్కెర వెయ్యలేదు.

నాకేం సంతోషం లేదు. ఈసారి నిజంగానే లేదు.

మార్చి 16, ఆదివారం

చిన్నోడు పొద్దున్నే మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, గొడుగును మోకాళ్ళ మధ్య నిలబెట్టి అదే కాలమ్ అనుకుని సాధన మొదలుపెట్టాడు. వాళ్ళక్క కుర్చీలో కూర్చుని గడియారం చూస్తూ "రొటేట్" అని అరుస్తోంది. ఆ అరుపుకు పక్కింటివాళ్ళు రెండుసార్లు తలుపు తీసి చూశారు. వాడు కళ్ళు మూసుకుని గొడుగును రెండంటే రెండు వేళ్ళతో లాగుతున్నాడు.

"రెండు వేళ్ళేంటిరా?" అన్నాను.

"మొత్తం చెయ్యి వేస్తే మీ పెట్టెలో తోక కొట్టుకుంటోంది బావా. రెండు వేళ్ళకైతే ఆగుతోంది. అలవాటు చేసుకుంటున్నా."

"మరి ట్రిమ్ మాటేంటి? కెప్టెనమ్మ దాని గురించి కూడా రాస్తోంది."

గొడుగు పక్కన పెట్టాడు. వాడికి విమానం సంగతి ఎత్తితే చాలు, మొహం వెలిగిపోతుంది. ఎంత కోపంగా ఉన్నా ఆ మొహం చూస్తే వినాలనిపిస్తుంది, అదొక చిరాకు.

"నేల వదిలాక రెక్కల వెనక దించిన ఫ్లాప్‌లు లోపలికి పోతాయి కదా, వేగం పెరుగుతుంది. ముక్కు ఇంకా పైకి పోతానంటుంది. నువ్వు తోసి పట్టుకుంటావు. పట్టుకుని బొటనవేలితో మీట నొక్కుతావు. మోకాలి పక్కన చక్రం గడగడా తిరుగుతుంది, చేతిలో బరువు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. చివరికి ఏమీ ఉండదు. చెయ్యి వదిలేసినా అంత పెద్ద విమానం ఎక్కడ పెట్టావో అక్కడే ఉండి పైకెక్కుతూ పోతుంది. ఆ చెయ్యి వదిలే క్షణం కోసమే బావా నేను ఈ ఉద్యోగంలో ఉన్నది."

"మరి మా పెట్టెలో?"

"మీ పెట్టెలో అది దొరకదు. పైకెక్కేటప్పుడు దొరికిందనుకుంటా. తీరా ముక్కు దించి సమంగా పోయేసరికి మళ్ళీ పోతుంది. ముక్కు ఎత్తినంతసేపూ కాలమ్ ఒళ్ళోకి వాలుతున్నట్టు ఉంటుంది."

ముక్కు ఎత్తితే పెట్టె వెనక్కి వాలుతుంది. పెట్టె వాలితే లోపలున్న కాలమ్ కూడా వాలుతుంది. దాని బరువును కింద నుంచి సరిచూసే ఇనుప దిమ్మను ఫిబ్రవరిలో నేనే...

ఆ తర్వాత ఆలోచించడం మానేశాను. ఆదివారం కదా.

మార్చి 17, సోమవారం

ఇవాళ తీరిక లేదు. ఏసీ ఫిల్టర్లు కడిగాను.

మార్చి 18, మంగళవారం

ఏసీ ఫిల్టర్లు మళ్ళీ కడిగాను. మురికేమీ లేదు.

మార్చి 19, బుధవారం

కెప్టెనమ్మ పొద్దున ఎనిమిదింటికే వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డారు. లాగ్‌బుక్కు చంకలో ఉంది.

"ఇంజనీరుగారూ, పరీక్షించాను దోషం లేదు అని ఆరుసార్లు రాశారు. మీ సంతకం నమ్మి ఆ అబ్బాయిని రెండుసార్లు తప్పించాను. లేకపోతే తప్పించేదాన్ని కాదు. ఒక్కసారి నాతో ఎక్కండి."

"ఇప్పుడే టిఫిన్ చేశాను మేడమ్."

"మంచిది. ఓపికుంటుంది."

ఎక్కాను. కో-పైలట్ సీట్లో కూర్చున్నాను. బెల్టులు అయిదూ బిగించుకుని, ఆరోది ఉందేమోనని వెతికాను. ఆవిడ మోషన్ మీట వేశారు. కాళ్ళు సాగాయి, గది నేల వదిలి లేచింది. నా పొట్ట మాత్రం కిందే ఉండిపోయింది.

"కాలమ్ మీరు ముట్టుకోవద్దు, నేనూ ముట్టుకోను. ఊరికే చూడండి," అని ఇంజన్ల మీటలు ముందుకు తోశారు.

రన్‌వే మా మీదికి పరుగెత్తుకొచ్చింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. వేగం పెరిగినట్టు అనిపించడానికి పెట్టె వెనక్కి వాలుతుందని పద్నాలుగేళ్ళుగా తెలుసు. తెలియడం వేరు, దాని మీద కూర్చోవడం వేరు. అప్పుడు చూశాను. ఎవరి చెయ్యీ లేని కాలమ్ మెల్లగా, మర్యాదగా, నా ఒళ్ళోకి వాలింది. ముక్కు లేచింది. వెనక ఎక్కడో తోక తగిలి ఎర్ర దీపం వెలిగింది.

"చూశారా?" అన్నారు.

చూశాననే చెబుదామని నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. ఆవిడ ముందే ఒక కవరు పట్టుకొచ్చారు. ఎంత దూరదృష్టి ఉన్న మనిషో.

నేల పలక విప్పి చూస్తే అనుకున్నదే. ప్రతిబరువు దిమ్మ ఉండాల్సిన చోటుకు రెండు రంధ్రాల అవతల బిగించి ఉంది. పెట్టె నిటారుగా ఉన్నంతసేపూ ఏ తేడా తెలియదు. వాలితే కాలమ్ తల బరువు లాగేస్తుంది. విప్పి సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇరవై నిమిషాలు. మళ్ళీ ఎక్కాం. ఈసారి కాలమ్ కదల్లేదు. నేను మాత్రం మళ్ళీ కవరు అడిగాను.

తర్వాత లాగ్‌బుక్కు కుడి పేజీలో రాశాను: "దోషం ఉంది. ఫిబ్రవరిలో ప్రతిబరువు తప్పుగా బిగించింది నేనే. ఇన్నాళ్ళూ మోషన్ ఆపి పరీక్షించాను." ఆ మూడు వాక్యాలకు అరగంట పట్టింది. అది పొట్ట తత్వం కాదు, భయమే.

లాగ్‌బుక్కులో రాయని మాట ఇక్కడ రాస్తాను. నాకు ఆదివారమే తెలుసు. సోమ, మంగళవారాలు ఫిల్టర్లు కడిగాను.

మార్చి 20, గురువారం

మేనేజరు మెమో ఇచ్చాడు. ఉద్యోగం ఉంచుతారో లేదో నెలాఖరుకు తెలుస్తుందట. ఈలోగా రోజూ మోషన్ వేసి ఒక టేకాఫ్ నేనే చేసి సంతకం పెట్టాలట. ఉద్యోగం తీసేసినా ఇంత కష్టంగా ఉండదు.

చిన్నోడి పాత చెక్‌లు కొట్టేయాలంటే పైవాళ్ళు కూర్చోవాలి. దానికి రెండు నెలలు. కోర్సు మాత్రం రేపటితో ఆఖరు. రేపు నెగ్గితేనే సీటు.

సరే, పెట్టె బాగైంది కదా, వాడు నెగ్గేస్తాడు అనుకున్నాను. పొద్దున సాధనకు ఎక్కి మొదటి టేకాఫ్ చేశాడు. "రొటేట్" అన్నారు కెప్టెనమ్మ. వాడు రెండు వేళ్ళతో లాగాడు. విమానం లేవలేదు. రన్‌వే అయిపోయింది, గడ్డి వచ్చింది, ఆపైన ఏదో గోడ వచ్చింది.

రెండు వారాలు నా తప్పుకు తగ్గట్టు చెయ్యి దిద్దుకున్నాడు. ఇప్పుడు ఒప్పు వాడికి తప్పుగా ఉంది. "ఈ చేత్తో నిజం విమానం ఎక్కి ఉంటే?" అన్నారు కెప్టెనమ్మ. నాకు కాళ్ళ కింద నేల కదిలింది. అప్పటికి నేను గట్టి నేల మీదే నిలబడి ఉన్నాను.

"వీడి చెయ్యి మళ్ళీ దారికి రావాలంటే కనీసం నలభై టేకాఫ్‌లు కావాలి," అన్నారావిడ. "నేను వెనక కన్సోల్ దగ్గర ఉండాలి. ఎడమ సీట్లో వేగాలు చదివే మనిషి ఒకరు కావాలి."

చుట్టూ చూశాను. నేను తప్ప ఎవరూ లేరు.

అలా పద్నాలుగేళ్ళ సర్వీసు తర్వాత కెప్టెన్ సీట్లో కూర్చున్నాను, ఒళ్ళో కవర్లు పెట్టుకుని. మొదటి పదీ నరకం. "ఎనభై" అని చదవాల్సిన చోట "అమ్మా" అన్నాను. వాడు నవ్వి, నవ్వులో ఎక్కువ లాగి, తిట్లు తిన్నాడు. పన్నెండో దానికి వాడి అరచెయ్యి మొత్తం కాలమ్ మీద ఆనింది. ఇరవై మూడో దానికి ముక్కు ఎంత లేవాలో అంతే లేచింది, తొందరపడకుండా. ముప్ఫై ఒకటో దాంట్లో పైకెక్కుతూ ట్రిమ్ నొక్కాడు. నా మోకాలి పక్కన చక్రం గడగడా తిరిగి ఆగింది. వాడు రెండు చేతులూ కాలమ్ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చూడు బావా."

చూశాను. ముక్కు దించి సమంగా పోనిచ్చి, మళ్ళీ ట్రిమ్ చేసి, మళ్ళీ చేతులు తీశాడు. పెట్టె ఎక్కడ ఉంచితే అక్కడే ఉంది. వాంతి చేసుకోవడం కూడా మర్చిపోయి చూశాను. ఆ తర్వాత గుర్తొచ్చింది.

నలభై అనుకున్నది నలభై ఆరు చేశాం.

మార్చి 21, శుక్రవారం

చెక్ పదింటికి. నేను బయట స్క్రీన్ ముందు కూర్చున్నాను. లోపలికి రానివ్వరు, అడగనూ లేదు. "రొటేట్" అని స్పీకర్లో వినబడగానే టేబుల్ అంచు పట్టుకుని లాగాను. టేబుల్ మీదున్న నీళ్ళ సీసా నా ప్యాంటు మీద పడింది. స్క్రీన్ మీద ముక్కు లేచింది, చక్కగా, లెక్క ప్రకారం. తోక తగల్లేదు. గడ్డీ రాలేదు, గోడా రాలేదు. చక్రం తిరిగిన చప్పుడు వినబడింది, ఆగింది.

నెగ్గాడు.

మా ఆవిడకు ఫోన్ చేశాను. "మీరు చెప్పకండి, వాణ్ణి చెప్పనివ్వండి," అని పెట్టేసింది. అప్పటికే ఏడుస్తోంది.

క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఇంక దాచలేకపోయాను.

"ఒరేయ్, ఒక మాట చెప్పాలి. మొదటిసారి నువ్వు తప్పినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు లోపల కొంచెం..."

"సంతోషం వేసింది. తెలుసు బావా. అక్క చెప్పింది."

అప్పటికే చక్కెర ఉన్న టీలో ఇంకో చెంచా వేశాను.

"ఇంకోటుంది. పెట్టెలో తప్పు నాదేనని నాకు ఆదివారమే..."

"నాకు అంతకుముందే తెలుసు," అన్నాడు. "అంటే దిమ్మ సంగతి కాదు. పదకొండో తారీఖున నువ్వు లోపల పరీక్షిస్తున్నావని చెప్తే హాల్లో నిలబడి చూశా. పెట్టె అరగంట కదల్లేదు. మోషన్ వెయ్యకుండా చూసి దోషం లేదని రాస్తున్నావని అప్పుడే అర్థమైంది."

"మరి కెప్టెనమ్మకు చెప్పొచ్చు కదరా! రెండోసారి తప్పేవాడివి కాదు!"

"చెప్తే ఆవిడ రాస్తారు. రాస్తే నీ ఉద్యోగానికే ఎసరు." బిస్కట్ టీలో ముంచాడు. "నీకు ఇంకో పనేదీ రాదు కదా బావా. నేనైతే రెండు వేళ్ళతో లాగడం నేర్చుకుంటే సరిపోతుంది అనుకున్నా. బావ పెట్టె బావది, మనమే సర్దుకుందాం అని."

చుట్టూ ఇరవై మంది టీలు తాగుతున్నారు. తల వంచుకుని చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాను. ఎంత తుడిచినా ఆగలేదు. వాడు కంగారుగా లేచి ఇటువైపు వచ్చి నా వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏంటి బావా, మళ్ళీ వాంతి వస్తోందా?"

"అవున్రా," అన్నాను.